క్లైవ్ కొలను, థెల్మా ఊట

క్లైవ్ టిక్‌నర్ పొద్దున్నే టీ కప్పు పట్టుకుని పెరట్లోకి వచ్చాడు. కొలను గట్టున మోకాళ్ళ మీద కూర్చుని, నీళ్ళ అంచు వైపు కాసేపు చూసి, "మళ్ళీ తగ్గింది," అన్నాడు. ఆ మాట చేపలతో అన్నాడో, పక్కింటి షెడ్డు మీద నిలబడి ఆ చేపల మీదే కన్నేసి ఉన్న కొంగతో అన్నాడో చెప్పలేం. వంటింటి కిటికీలోంచి విన్నది మాత్రం అతని భార్య జానిస్.

"తగ్గక పెరుగుతుందా? ఎండలు చూడు ఎలా కాస్తున్నాయో."

"ఎండ ఇంత తాగదు జానిస్. రాత్రి పడుకోబోయే ముందు నీళ్ళ అంచున రాయి పెట్టి వెళ్ళాను. ఇప్పుడు చూడు, రాయి ఎక్కడుంది, నీళ్ళెక్కడున్నాయి? రాత్రి పూట ఎండేమిటి చెప్పు?"

"అయితే ఆ కొంగ తాగిందేమో. దాన్నే అడుగు."

క్లైవ్ కప్పులో మిగిలిన టీ గడ్డిలో పారబోశాడు. ఎండి కరకరలాడుతున్న ఆ గడ్డికి అదే పదివేలు.

స్టెడ్‌హర్స్ట్ ఊళ్ళో వాన పడి ఎన్నాళ్ళయిందో ఎవరూ లెక్క పెట్టడం లేదు. ససెక్స్ జిల్లా అంతా అలాగే ఉంది. నీళ్ళ కంపెనీవాళ్ళు పైపుల మీద నిషేధం పెట్టారు. గడ్డికి, కారుకు, కొలనుకు పైపుతో నీళ్ళు పట్టకూడదు. బకెట్‌తో మోసుకుంటే తప్పు లేదు. కంపెనీవాడు వచ్చి చూసేది లేదు, పట్టుకునేది లేదు. ఆ అవసరమూ లేదు. పోస్టాఫీసుకు వెళ్ళే ప్రతివాడూ దారి పొడుగునా కంచెల మీంచి తొంగి చూస్తూనే ఉంటాడు. ఎవరి గడ్డి పచ్చగా ఉంది, ఎవరి కారు మెరుస్తోంది అని. చూసినవాడు మొహం మీద ఏమీ అనడు. "మీ గడ్డి భలే పచ్చగా ఉందండీ!" అని నవ్వుతూ వెళ్ళిపోతాడు. అంతే. ఆ మాట అనిపించుకున్న ఇంటివాళ్ళు ఆ వారం చర్చికి రారు.

కాబట్టి నిషేధం మొదలైన రోజు పొద్దున్నే క్లైవ్ తన కొలనుకు నీళ్ళు వచ్చే కుళాయిని స్వయంగా కట్టేశాడు. ఆ రోజు నుంచే నీళ్ళు తగ్గడం మొదలైంది. అందులో జానెడేసి బంగారు చేపలు, మచ్చల చేపలు ఉన్నాయి. వాటిని బతికించుకోవాలి. దొంగచాటుగా పైపు పెట్టాడని ఊళ్ళో ఒక్కరు కూడా అనకుండా బతికించుకోవాలి. అతని బాధంతా అదే.

*

క్లైవ్ ఉద్యోగమంతా లిఫ్టులతో గడిచింది. బ్రైటన్‌లో హోటళ్ళు, క్రాయ్‌డన్‌లో ఆఫీసులు, ఎక్కడ లిఫ్టు ఆగిపోతే అక్కడికి పరిగెత్తేవాడు. చీకటి గోతుల్లో తాళ్ళూ స్విచ్చులూ చూసుకుంటూ తల నెరిసింది. దాంతో అతనికి ఒక నమ్మకం ఏర్పడింది. సరిగ్గా చేసిన వస్తువుకు కాపలా అక్కర్లేదు, తన పని తను చూసుకుంటుంది అని. మనుషుల మీద అతనికి అంత నమ్మకం లేదు. ముఖ్యంగా తన మీద.

కారణం ఉంది. ఉద్యోగం మానేసిన వేసవిలో ఒక రోజు కొలనులో పైపు పెట్టి, లోపలికి వెళ్ళి క్రికెట్ చూస్తూ కూర్చున్నాడు. ఆట మంచి పట్టులో పడింది. మళ్ళీ పైపు గుర్తొచ్చేసరికి పెరడంతా బురద, కుళాయి నీళ్ళలోని క్లోరిన్‌కు సగం చేపలు తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలుతున్నాయి. మధ్యాహ్నమంతా వాటిని ఏరి గులాబీ పొద కింద పాతిపెట్టాడు.

ఆ మరుసటి వారమే బంతి వాల్వు బిగించాడు. అది నీళ్ళ మీద తేలే బంతి. నీళ్ళు తగ్గితే బంతి దిగుతుంది, సన్నటి ధార విడుదలవుతుంది. నీళ్ళు నిండితే బంతి లేస్తుంది, ధార ఆగిపోతుంది. కొద్దికొద్దిగా వస్తాయి గనక క్లోరిన్ చేపలను ఏమీ చేయదు. బిగించిన సాయంత్రం జానిస్‌ను పిలిచి, ఒక జగ్గుడు నీళ్ళు తోడి పారబోసి, బంతి దిగడం, బుస్సుమని ధార రావడం, ఆగిపోవడం చూపించాడు.

"చూశావా? ఇక దీని సంగతి మనం పట్టించుకోనక్కర్లేదు."

"ఎప్పుడు ఆపాలో ఆ బంతికి తెలిసింది. ఆ పాటి తెలివి నీకు క్రికెట్ రోజునే ఉంటే ఎంత బాగుండేది," అంది జానిస్.

నిజంగానే ఆ తర్వాత మూడేళ్ళపాటు అతను నీళ్ళ అంచు వైపు చూడలేదు. ఎప్పుడు చూసినా నిండుగానే ఉండేది. ఆ వీధిలో పాత ఇళ్ళకు నీళ్ళ మీటర్లు లేవు. ఎన్ని నీళ్ళు పోతున్నాయో అడిగే నాథుడు లేడు.

ఆ మూడేళ్ళలో క్లైవ్‌ను ఇబ్బంది పెట్టిన విషయం ఒక్కటే. అది పక్కింటి థెల్మా గేరింగ్ ఊట.

థెల్మా ఒంటరి మనిషి. బడి వంటశాలలో పిల్లలకు వడ్డించి వడ్డించి రిటైరైంది. ముప్పై ఏళ్ళు ఆ ఇంట్లో ఉన్నా, పోస్టాఫీసులో ఆమె పేరు చాలామందికి తెలియదు. క్లైవ్ వాళ్ళ పెరడు ఎత్తులో ఉంటుంది, ఆమెది కంచె అవతల పల్లంలో. ఒక వసంతంలో ఆ పల్లంలో నేల చెమ్మగిల్లింది. చెమ్మ కాస్తా తడి అయింది, తడి కాస్తా రాళ్ళ సందులోంచి సన్నటి నీటిపాయగా మారింది. ఎదురింటి ముసలాయన బెర్ట్రమ్ క్రటెండెన్ కర్ర తాటించుకుంటూ వచ్చి చూసి, "ఇది మా నాయనమ్మ నీళ్ళు తోడుకున్న ఊటే! మళ్ళీ లేచింది!" అని తేల్చేశాడు. ఆ నాయనమ్మను చూసినవాళ్ళెవరూ బతికి లేరు. థెల్మా ఆ తడిలో పొడుగు కాడల ప్రిములా పూలమొక్కలు, పసుపుపచ్చ నీటి ఐరిస్‌లు నాటింది. చర్చి కప్పు బాగుచేతకు చందా కోసం ఊరివాళ్ళు ఏటా జరిపే తోటల ఆదివారం నాడు ఆమె పెరడు ఒక్కసారిగా పేరు మోసింది.

తోటల ఆదివారం నాడు టికెట్ కొన్నవాళ్ళంతా ముందు క్లైవ్ కొలను దగ్గర ఆగేవారు. "బావుందండీ," అనేవారు. ఆ మాట కూడా పూర్తిగా అనేవారు కాదు. "ఊట ఇటేనా?" అని అడిగేవారు. క్లైవ్ వాల్వు గురించి నోరు తెరిచేలోపు కంచె పక్క దారిలో దిగిపోయేవారు.

*

ఇక ఇప్పుడు ఆ వాల్వు కట్టేసి ఉంది, తోటల ఆదివారం వారం రోజుల్లోకి వచ్చేసింది, నీళ్ళు రోజూ రెండు వేళ్ళ మందాన తగ్గుతున్నాయి.

ఎక్కడో కారుతోందని తేలిపోయింది. ఎక్కడ కారుతోందో తేలదు. గట్టు పొడుగునా అక్కడక్కడ పాల చుక్కలు వేసి, ఆ తెలుపు ఎటు లాక్కుపోతుందో చూస్తే కన్నం దొరుకుతుందని ఎవరో చెప్పారు. క్లైవ్ బోర్లా పడుకుని, ముక్కు నీళ్ళకు ఆనించి, పాలు వేస్తూ గంటలు గడిపాడు. పాలు ఎటూ పోలేదు. అక్కడే మబ్బులా నిలబడ్డాయి. చేపలు వచ్చి నోరు తెరిచి చూసి వెళ్ళాయి.

"టీలోకి పాలు లేవు. చేపలకు మాత్రం పాలాభిషేకం," అంది జానిస్.

"నువ్వు మాట్లాడకు. దగ్గరకొచ్చాను."

"నిన్న కూడా దగ్గరకే వచ్చావు. మొన్న కూడా."

రోజూ సాయంత్రం వంటింటి కుళాయి నుంచి బకెట్లు మోశాడు. ప్రతి బకెట్‌లో క్లోరిన్ విరిచే మందు చుక్క వేసి, కలిపి, నిదానంగా పోయాలి. పోసినదంతా తెల్లారేసరికి ఎటో పోయేది. నడుం పట్టేసింది. ఎవరి మీద అరవాలో తెలియక కొంగ మీద అరిచాడు. అది మెడ కూడా తిప్పలేదు.

ఒక సాయంత్రం కంచె అవతల థెల్మా కనిపించింది. గిన్నెలు కడిగిన నీళ్ళ తొట్టి పట్టుకుని ప్రిములాల మొదట్లో పోస్తోంది. ఆకులు వాడిపోయి నేలకు ఆనుతున్నాయి.

"కొలను ఎలా ఉంది క్లైవ్?"

"బాగానే ఉంది. కాస్త తగ్గిందనుకోండి. మీ ఊట?"

"బాగానే ఉంది. కాస్త నెమ్మదించింది."

"ఎండలు."

"అవునండీ, ఎండలు."

ఇద్దరూ ఆకాశం వైపు చూశారు. అందులో చూడడానికి ఏమీ లేదు. ఎవరి ఇంట్లోకి వాళ్ళు వెళ్ళిపోయారు.

బుధవారానికి క్లైవ్ ఓడిపోయాడు. మిగిలిన దారి ఒకటే. పోయడం మానేసి, తగ్గినంత తగ్గనివ్వాలి. ఏ మట్టం దగ్గర ఆగితే కన్నం ఆ మట్టంలో ఉన్నట్టు. అది తెలిసే ఇన్నాళ్ళూ వాయిదా వేశాడు, చేపల మీద జాలితో. నీళ్ళు దిగాయి. చేపలు నడి గుంటలో ఒకదాని మీద ఒకటి ఒరుసుకుంటూ చేరాయి. కొంగ రాకుండా జానిస్ పాత దోమతెర తెచ్చి కప్పింది. శుక్రవారం మధ్యాహ్నానికి నీళ్ళు ఆగాయి, మొక్కల కుండీలు పెట్టే మెట్టు అంచున, కంచె వైపు. అక్కడే వాల్వు నిలబెట్టిన ఇనుప కడ్డీ ఉంది.

క్లైవ్ గులకరాళ్ళు తొలగించాడు. కడ్డీ అడుగున మొన ఉంది. ఆ మొన కొలను అడుగున పరిచిన రబ్బరు పట్టాను పొడుచుకుని భూమిలోకి దిగింది. మూడేళ్ళ కిందట, వాల్వు కదలకుండా ఉండాలని, సుత్తితో రెండు దెబ్బలు ఎక్కువ వేసిన చెయ్యి అతనిదే.

అంటే ఆ వాల్వు పగలూ రాత్రీ నింపింది తను పొడిచిన కన్నాన్నే. కారినంతా నింపింది, నింపినంతా కారింది. నిండుగా ఉంది కదా అని అతను మురిసిపోయాడు. కాపలా అక్కర్లేని వస్తువు!

ఆ కోపంలో కడ్డీని పీకి విసిరాడు. అది కంచెకు తగిలి పడింది. దాని వెంటే అతని చూపు వెళ్ళింది. కంచె. కంచె అవతల పల్లం. పల్లంలో రాళ్ళు. రాళ్ళ సందులో థెల్మా ఊట.

"జానిస్!" అని కేక పెట్టాడు.

జానిస్ వచ్చి, కన్నం చూసి, కంచె చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆపుకోవడానికని అతనికి తెలుసు.

"మూడేళ్ళు," అన్నాడు. "మూడేళ్ళు జనం నా పక్కనుంచే నడిచి వెళ్ళి నా నీళ్ళే చూసి చప్పట్లు కొట్టారు."

"వెళ్ళి చెప్పెయ్యి మరి."

"చెప్తాను. ఇప్పుడే."

వెళ్ళాడు. థెల్మా టీ పోసింది. ఆదివారానికి చేసి పెట్టుకున్న నిమ్మకాయ కేకు ఒకటి కోసింది. క్లైవ్ కేకు తిన్నాడు, బావుందన్నాడు, రెండో ముక్క తిన్నాడు. ఎండల గురించి మాట్లాడాడు. చర్చి కప్పు గురించి మాట్లాడాడు. తిరిగి వచ్చాడు.

"ఏమంది?" అంది జానిస్.

"కేకు పెట్టింది."

"అది కాదు, ఊట సంగతి!"

"కేకు తింటూ ఎలా చెప్పమంటావు?"

ఆ సాయంత్రం మెట్టు ఆరబెట్టి, సైకిల్ ట్యూబుకు వేసినట్టు కన్నానికి రబ్బరు అతుకు వేశాడు. శనివారం పొద్దున్నుంచి మొగుడూ పెళ్ళాలిద్దరూ బకెట్లు మోశారు. జానిస్ చుక్కల మందు కలిపేది, అతను పోసేవాడు. సాయంత్రానికి కొలను నిండింది. ఈసారి నీళ్ళు నిలిచాయి. అంచున పెట్టిన రాయి తడిసే ఉంది. దోమతెర తీసేస్తే చేపలు విడివడి ఈదాయి. ఆ ఆనందం పట్టుమని పది నిమిషాలు నిలవలేదు. కంచె అవతల థెల్మా తొట్టి మోస్తున్న చప్పుడు వినిపించింది.

ఈసారి టీ వద్దన్నాడు. గుమ్మంలోనే నిలబడి, కాళ్ళ వైపు చూస్తూ మొత్తం చెప్పేశాడు. కడ్డీ, మొన, కన్నం, పల్లం.

థెల్మా చేతులు తుడుచుకుంటూ విన్నది. "తెలుసండీ," అంది.

"ఏం తెలుసు?"

"మొదటి వేసవిలోనే తెలిసింది. ఊటలో పచ్చటి చుక్కల నాచు తేలుతూ వచ్చింది. మీ కొలనులో ఉండేదే. భూమిలోంచి వచ్చే ఊటలో అదెందుకుంటుంది?"

క్లైవ్ తలెత్తాడు. "తెలిసి... నాకు చెప్పలేదేం?"

"మీ కొలను కారుతోందని మీ మొహం మీద ఎలా అంటానండీ? మీరేమో ఆ వాల్వును అంత మురిపెంగా చూసుకునేవారు."

"అది మొదటి ఏడాది. ఆ తర్వాత?"

"ఆ తర్వాత క్రటెండెన్ గారు నాయనమ్మ కథ ఊరంతా చెప్పేశారు. జనం నన్ను పేరు పెట్టి పిలవడం మొదలుపెట్టారు." ఆమె గొంతు తగ్గింది. "మీరు కూడా వచ్చి చెయ్యి పెట్టి చూసి, 'ఎంత చల్లగా ఉన్నాయో థెల్మా, భూమి లోపలి నీళ్ళంటే ఇలాగే ఉంటాయి' అన్నారు. గుర్తుందా?"

గుర్తుంది. అందుకే ఇంకా ఒళ్ళు మండింది. "నా నీళ్ళను నా చేతే పొగిడించారన్నమాట!"

"నేను పొగడమనలేదండీ."

"అతుకు వేసేశాను," అన్నాడు క్లైవ్ విసురుగా. "చేపల కోసం. ఇక రావు."

"వెయ్యాలి కదండీ మరి," అంది థెల్మా. తలుపు నెమ్మదిగా వేసింది. గట్టిగా వేసి ఉంటే అతనికి కాస్త తేలిగ్గా ఉండేది.

*

ఆదివారం ఊరు ఊరంతా గడ్డి టోపీలు పెట్టుకుని బయలుదేరింది. ఎక్కడ చూసినా ఎండిన గడ్డి, వంగిన పూలు. జనం ఒకరి పెరడు చూసి ఒకరు జాలిపడుతూ, టీలు తాగుతూ మధ్యాహ్నానికి క్లైవ్ పెరట్లోకి వచ్చారు.

కొలను అంచు దాకా నిండి, ఎండకు మెరుస్తోంది. ఊళ్ళో అంత నీళ్ళు ఇంకెక్కడా లేవు.

మూడేళ్ళలో మొదటిసారి జనం అక్కడ ఆగిపోయారు. క్లైవ్ గుండె పొంగబోయింది. అంతలో ఒకావిడ, "మీ కొలను భలే నిండుగా ఉందండీ!" అంది నవ్వుతూ.

క్లైవ్ మొహం కందిపోయింది. "బకెట్లతో పోశాం. నిన్నంతా."

"అయ్యో, పోసే ఉంటారు," అంది ఆవిడ మరింత తియ్యగా. పక్కనున్నావిడ తన కప్పులోకి చూసుకుంది.

పల్లంలోంచి బెర్ట్రమ్ క్రటెండెన్ కేక వినిపించింది. "ఊట ఎండిపోయింది! ఒక్క చుక్క లేదు!" జనమంతా కంచె దారిలో దిగారు. క్లైవ్ వెనకాలే వెళ్ళాడు. రాళ్ళు ఎండి తెల్లబడ్డాయి. ప్రిములాలు గడ్డిలా పడి ఉన్నాయి. ముసలాయన కర్రతో రాళ్ళను పొడిచి, తలెత్తి కంచె వైపు చూశాడు. పైన నిండు కొలను, కింద ఎండిన ఊట. ఆయన లెక్క కలిపేశాడు.

"ఏమోయ్ టిక్‌నర్! పైన పంపు ఏదైనా పెట్టావా?"

"పంపా? నాకెందుకు పంపు?"

"మా నాయనమ్మ కాలం నుంచి ఉన్న నీళ్ళు. మొన్నటిదాకా పారాయి. ఇవాళ ఇక్కడ లేవు, నీ దగ్గర ఉన్నాయి. నేనేమీ అనడం లేదు. ఉన్నమాట చెప్తున్నానంతే."

జనం ఏమీ అనలేదు. ఆ ఏమీ అనకపోవడం ఎలా ఉంటుందో క్లైవ్‌కు పుట్టినప్పటి నుంచి తెలుసు. నోరు తెరిచాడు. నిజం చెప్పాలంటే థెల్మా పరువు తీయాలి. కేకు పళ్ళెం పట్టుకుని ఆమె అక్కడే నిలబడి ఉంది. నోరు మూసుకున్నాడు.

థెల్మా పళ్ళెం గడ్డి మీద పెట్టింది. మెడ దాకా ఎర్రబడింది.

"అది ఊట కాదండీ," అంది. "ఎప్పుడూ కాదు. ఆయన కొలనుకు కన్నం పడి ఇటు కారేది. నాకు మొదటి నుంచీ తెలుసు. నేనే చెప్పలేదు. తప్పు నాది. ఆయన మొన్న అతుకు వేసుకున్నారు, అంతే."

ఇందాక కొలను నిండుగా ఉందన్న ఆవిడ వచ్చి థెల్మా భుజం చుట్టూ చెయ్యి వేసింది. "ఎంత మంచిదానివమ్మా నువ్వు! పక్కింటివాళ్ళ మాట పోకూడదని..."

"కాదు, నిజంగానే..."

"అర్థమైంది థెల్మా, అర్థమైంది," అన్నాడు బెర్ట్రమ్, కళ్ళు తుడుచుకుంటూ. "మా నాయనమ్మా ఇలాంటి మనిషే."

"కన్నం చూపిస్తాను రండి!" అన్నాడు క్లైవ్. గొంతు కాస్త పెద్దదే అయింది. "అతుకుంది! కడ్డీ ఉంది!"

"అలాగే అలాగే," అన్నారు ఎవరో, పిచ్చివాణ్ణి ఓదార్చినట్టు. జనం థెల్మా కేకు అంతా కొనేశారు. క్లైవ్ వైపు ఎవరూ రాలేదు.

అందరూ వెళ్ళాక ఖాళీ పళ్ళేలు ఏరుకుంటూ థెల్మా, "చెప్పానండీ. మీరూ విన్నారు," అంది.

"విన్నాను," అన్నాడు క్లైవ్. ఆమె మీద కోపం తెచ్చుకుందామని చూశాడు. అదీ కుదరలేదు. "రేపటి నుంచి రోజూ కొలను అడుగు నీళ్ళు రెండు బకెట్లు తోడాలి, పచ్చబడుతున్నాయి. ఎక్కడో ఒకచోట పారబోయాల్సిందే. మొక్కలకు మంచివట."

"కంచె పక్కన పెట్టండి, నేను తీసుకుంటాను."

ఆ మర్నాటి నుంచి క్లైవ్ కంచె పక్కన రెండు బకెట్లు పెట్టి, తోడినంత మళ్ళీ నింపడానికి రోజూ సాయంత్రం కొలనుకు బకెట్‌తో నీళ్ళు మోస్తున్నాడు. వంటింటి నుంచి పెరటి గుమ్మం నాలుగడుగులే. అతను మాత్రం బకెట్ పట్టుకుని వీధి గుమ్మంలోంచి బయటికి వచ్చి, ముందు గేటు దాకా నడిచి, పోస్టాఫీసు నుంచి ఎవరైనా వస్తున్నారేమో చూసి, ఇంటి చుట్టూ తిరిగి పెరట్లోకి వెళ్తాడు. ఒలికిన చుక్కలు దారి పొడుగునా కనబడతాయి. నడుం నొప్పి అలాగే ఉంది.

"మీరు భలే కష్టపడుతున్నారండీ," అంటారు దారిన పోయేవాళ్ళు, నవ్వుతూ.